తడిక దగ్గర పదకొండు మంది

పదవీ విరమణ చేశాక నన్ను అప్పుడప్పుడు కృష్ణగిరిలో కొత్త నర్సుల శిక్షణ తరగతులకు పిలుస్తుంటారు. వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒక అమ్మాయి చెయ్యెత్తి అదే ప్రశ్న అడుగుతుంది. "మేడమ్, పిల్లల టీకాలు కంపల్సరీ చేసేస్తే సరిపోదా? వేయించని వాళ్లకు శిక్ష అని చట్టం పెడితే మనకీ తిరుగుడు తప్పుతుంది కదా?" ఆ పిల్ల ముఖంలో అలసట చూస్తే నాకు జాలి వేస్తుంది, నవ్వూ వస్తుంది. ఎందుకంటే ఆ చట్టాన్ని నేను ఒకసారి చేశాను. అసెంబ్లీ లేదు, గెజెట్ లేదు. రేషన్ షాపు ముందు నిలబడి, ఎండకు తల మీద కొంగు కప్పుకుని, చట్టం చేసి పారేశాను. అది అయిదు రోజులు అమల్లో ఉంది. ఆ అయిదు రోజుల సంగతి మీకు చెప్తాను, వినండి.

నా ఉద్యోగంలో సగం ఊత్తంగరై వైపు గడిచింది. ఆఖరి ఆరేళ్లూ హోసూరు దగ్గర ఒక ఉపకేంద్రంలో పనిచేశాను. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే గొర్రెల కాపరుల పల్లె ఒకటి ఉండేది. నలభై ఇళ్లు ఉంటాయేమో. కుర్రవాళ్లలో సగం మంది షిఫ్టులకు కంపెనీ బస్సెక్కి ఫ్యాక్టరీలకు వెళ్లేవారు, మిగతావాళ్లు గొర్రెల వెంట. పల్లెకు పెద్ద ఒక ముసలమ్మ. భర్త పోయాక పెద్దరికం ఆమె చేతికి వచ్చింది, ఆమె దాన్ని గట్టిగానే పట్టుకుంది. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లు, నేనూ అంతే.

ప్రతి బుధవారం నేను టీకాల పెట్టె భుజాన వేసుకుని వెళ్లేదాన్ని. అవ్వ అరుగు మీద కూర్చోబెట్టి చెంబెడు మజ్జిగ ఇచ్చేది. పిల్లలను మాత్రం చూపించేది కాదు.

"పిల్లోళ్లు గొర్రెల్తో పోయినారమ్మా."

"పది నెలల పాప కూడా గొర్రెలు కాయడానికి పోయిందా అవ్వా?"

"వాళ్లమ్మ పోయింది. పాలు తాగే బిడ్డ ఇంకా యాడుంటాది?"

ఆ పది నెలల పాప అవ్వకు మునిమనవరాలు. నేను మజ్జిగ తాగి, రిజిస్టరులో "పిల్లలు ఊళ్లో లేరు" అని రాసుకుని, సంతకం పెట్టి వచ్చేసేదాన్ని. మా రిజిస్టరు నిండా ఆ పిల్లలు గొర్రెలు కాస్తూనే ఉన్నారు. అయిదేళ్ల లోపు పిల్లలు పదకొండు మంది. ఒక్కరికీ తట్టు టీకా పడలేదు.

వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. నేను ఆ ఊరికి రాకముందు, అవ్వ మనవడి పెద్ద కొడుకుకు తొడకు వేసిన సూది చీము పట్టింది. వాడు నెల రోజులు నడవలేదు. సూది వేసిన నర్సు ఆ ఇంటివైపు మళ్లీ తొంగి చూడలేదట. ఈ కథ మొదటి నెలలోనే విన్నాను. విని, "అది నేను కాదు కదా" అనుకున్నాను. అంతటితో ఆ విషయం మరిచిపోయాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో చాలావరకు ఇలా "నేను కాదు కదా" అనుకోవడంలోనే మొదలయ్యాయి.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకు కెలవరపల్లి ఆనకట్ట వైపు, బయటి ఊళ్ల నుంచి వచ్చిన కూలీల గుడిసెల్లో తట్టు మొదలైంది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, జ్వరం, దగ్గు. ముగ్గురు పిల్లలను హోసూరు పెద్దాస్పత్రికి పంపాం. ఒకడికి ఊపిరితిత్తులకు పట్టి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. వాడి పక్కన నేను ఒక గంట కూర్చున్నాను. ఆ గంటసేపూ నా కళ్లముందు అవ్వ మునిమనవరాలే మెదిలింది.

మా హెల్త్ ఇన్‌స్పెక్టరు నాకంటే పదేళ్లు చిన్న. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ ఒక రూలు. మంచివాడు, పనిమంతుడు.

"అక్కా, హెల్మెట్ ఎవరైనా బుద్ధి పుట్టి పెట్టుకున్నారా? ఫైన్ ఏసినారు, పెట్టుకున్నారు. దీనికీ అట్లా ఉంటేనే జరుగుతుంది. నువ్వు బతిమాలతావుండావు, వాళ్లు మజ్జిగ పోస్తావుండారు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మరుసటి రోజు మంగళవారం. రేషన్ షాపు దగ్గర ఆ పల్లె ఆడవాళ్లంతా వరుసలో నిలబడి ఉన్నారు. నేను ఆగి, గొంతు పెంచి చెప్పేశాను. "రేపు టీకా కార్డు లేని ఇంటికి రేషన్ ఆపేస్తారు. బడిలో కూడా చేర్చుకోరు. కొత్త రూలు వచ్చింది!"

అలాంటి రూలు ఏదీ లేదు. నోరు జారాను అనడానికి కూడా లేదు, ముందు రాత్రే మాటలు కూర్చుకున్నాను. వరుసలోని ఆడవాళ్లు బియ్యం సంచులు ఎత్తుకుని గబగబా వెళ్లిపోయారు. సంగతి విని "పనిచేసిందక్కా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నాకూ అలాగే అనిపించి ఆ పూట కడుపు నిండా తిన్నాను.

బుధవారం వెళ్లేసరికి పల్లెలో కుక్క తప్ప ఎవరూ లేరు. నలభై తలుపులకు నలభై తాళాలు. అవ్వ అరుగు మీద చెంబు బోర్లించి ఉంది. కాళ్లు నడవక ఉండిపోయిన ఒక ముసలాయన మాత్రం నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోయినారప్పా అందరూ?"

"మందలు తోలుకోని పోయినారమ్మా, పిల్లోళ్లను కూడా ఎత్తుకోని. నువ్వు పోలీసోళ్లతో వస్తావని అనుకున్నారు."

"ఏ పక్కకు?"

"ఆనకట్ట కాడికి. ఆడ గడ్డి ఉండాది గదా."

ఆనకట్ట కాడికి అంటే తట్టు ఉన్న గుడిసెల పక్కకే. టీకా లేని పదకొండు మంది పిల్లలను నా అబద్ధం చేయి పట్టుకుని తీసుకెళ్లి జబ్బు గుమ్మంలో నిలబెట్టింది. ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చాను. ముసలాయన ఏమనుకున్నాడో, పక్కనున్న కుండలోంచి నీళ్లు ముంచి ఇవ్వడానికి తంటాలు పడి లేచాడు. లేవలేని మనిషిని లేపానని ఇంకా ఏడుపొచ్చింది.

గురువారం, శుక్రవారం ఆనకట్ట వెనక నీళ్లు తగ్గిన ఒడ్డు పొడుగునా నేనూ ఇన్‌స్పెక్టరూ తిరిగాం. దూరాన మంద కనిపించేది. మేము చేరేలోగా ఇంకో మలుపు తిరిగేది. తెల్ల చొక్కా, నీలం పెట్టె వాళ్లకు మైలు దూరాన ఆనవాలు. తలప్రాణం తోకకొచ్చింది. శుక్రవారం సాయంత్రం టీ అంగడిలో చతికిలబడి ఉంటే పశువుల ఆస్పత్రి కాంపౌండరు వచ్చాడు. మా గోడు విని ఆయన టీ గ్లాసు దించాడు.

"వాళ్లా? రేపు పొద్దున నేను వాళ్ల కాడికే పోతావుండాను. గొర్రెలకు పారుడు రోగం అంటకుండా సూది ఏసేదానికి. వాళ్లే ఫోన్ చేసి పిలిచినారు."

నేను, ఇన్‌స్పెక్టరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మేము వెంటపడితే పారిపోయే మనుషులు ఈయన్ను పిలిపించుకుంటున్నారు!

"మమ్మల్ని కూడా తీసుకోనిపో అన్నా," అన్నాను.

"ఇద్దరూ రాండమ్మా. కానీ నా పని అయ్యేదంక నోరెత్తకూడదు."

శనివారం పొద్దున ఒడ్డు మీద నేను చూసింది నా ఉద్యోగంలో ఏ శిక్షణలోనూ చూడలేదు. ముళ్లకంపతో పెద్ద దొడ్డి కట్టారు. దానికి ఒకే ఒక సందు, అడ్డంగా వెదురు తడిక. తడిక పక్కన అవ్వ కూర్చుంది, ఆమె ముందు మూకుడులో ఆముదంతో కలిపిన ఎర్రటి జాజు మట్టి. ఒక్కొక్క గొర్రెనే సందులోంచి వదులుతున్నారు. కాంపౌండరు సూది వేస్తున్నాడు, అవ్వ దాని నుదుటి మీద వేలితో ఎర్ర గుర్తు పెడుతోంది, గొంతెత్తి లెక్క చెబుతోంది. గుర్తు లేని గొర్రెకు ఆ రాత్రి దొడ్డిలో చోటు లేదు. అది ఎవరి గొర్రెయినా సరే. వాళ్ల తాతల నాటి కట్టుబాటు అది. ఎవరి మందలు వాళ్లవే అయినా పడుకునే దొడ్డి ఒక్కటే కదా.

నన్ను చూసి ఆడవాళ్లు పిల్లలను కొంగుల చాటుకు లాక్కున్నారు. అవ్వ తలెత్తి చూసి, మళ్లీ లెక్కలో పడింది. నేను మాటిచ్చినట్టే నోరు కుట్టుకుని కూర్చున్నాను.

అంతలో పని ఆగింది. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన అవ్వ మనవడు, ఫ్యాక్టరీ యూనిఫారం ఇంకా ఒంటి మీద ఉండగానే, తన పొట్టేలును పక్కకు లాగి పట్టుకున్నాడు. పది నెలల పాపకు తండ్రి అతనే. చీము పట్టిన పిల్లవాడికీ తండ్రి అతనే.

"దీనికి వద్దవ్వా. వచ్చే వారం సంతకు తోలాల. సూదికి జ్వరమొస్తే చిక్కిపోతాది."

"చిక్కితే చిక్కనీ. రెండు దినాలు జ్వరముంటాది, పోతాది."

"నా పొట్టేలు, నా ఇష్టం గదా."

"నీ పొట్టేలేనప్పా. అది వదిలే ఊపిరి మాత్రం మందంతా పీలుస్తాది. ఇష్టం లేకుంటే తోలుకోని పో, దూరంగా కట్టేసుకో. దొడ్డిలోకి రానిచ్చేది లేదు."

అతను గొణుక్కుంటూ పొట్టేలును సందులోకి తోశాడు. సూది పడింది, గుర్తు పడింది. నేను కళ్లప్పగించి చూస్తున్నాను. ఇన్‌స్పెక్టరు నా చెవిలో, "అక్కా, ఇదే గదా కంపల్సరీ!" అన్నాడు. ఆయన గొంతులో దేవుణ్ని చూసినంత సంతోషం.

గొర్రెలన్నీ అయ్యాయి. నేను అవ్వ ముందుకు వెళ్లి కింద కూర్చున్నాను.

"అవ్వా, పొట్టేలుకు చెప్పిన మాటే బిడ్డలకూ చెప్పకూడదా? ఆ గుడిసెల్లో తట్టు ఉండాది. మీ పిల్లోళ్లు వాళ్ల కొళాయి కాడికే నీళ్లకు పోతావుండారు."

అవ్వ జాజు అంటిన వేలు చీరకు తుడుచుకుంది. "ఈయన నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదమ్మా," అంది కాంపౌండరు వైపు చూపిస్తూ. "నువ్వు చెప్పినావు."

పక్కన ఇన్‌స్పెక్టరు నా మోచేతిని గిల్లాడు, ఒప్పుకోవద్దని. ఒప్పుకుంటే ఇక ఆ పల్లెలో ఏ సర్కారు మాటా చెల్లదని ఆయన భయం. నాకు మాత్రం ఆక్సిజన్ పెట్టిన ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను.

"రేషన్ మాట అబద్ధం. బడి మాట కూడా అబద్ధం. అట్లాంటి రూలు లేదు. మీరు టీకా ఏయించుకోకపోయినా మీ బియ్యం మీకొస్తాది. మిమ్మల్ని బెదిరించి ఈడికి తోలింది నేనే. తప్పు నాదే. తట్టు మాత్రం అబద్ధం కాదు, ఆ గుడిసెల్లోని ఒక బిడ్డను నా చేతుల్తో ఆస్పత్రిలో చేర్చినాను."

నా చట్టం అక్కడితో రద్దయిపోయింది.

అవ్వ జాజు మూకుడు పక్కకు జరిపింది. "ఈయన సూది ఏసి పోయేది కాదు. మూడో దినం మళ్లా వస్తాడు. ఏది పడుకునుండాది, ఏది మేస్తావుండాది, దేనికి వాచింది, అన్నీ చూసి పోతాడు. నువ్వు వస్తావా?"

ముప్ఫయ్యేళ్ల సర్వీసు. ఎన్ని వేల సూదులు వేశానో లెక్క లేదు. జ్వరం మందు చేతిలో పెట్టి, ఏమైనా అయితే ఆస్పత్రికి రమ్మని చెప్పి వచ్చేదాన్నే గానీ, పిలవకుండా మూడో రోజు ఏ గడపైనా తొక్కానా అంటే చెప్పలేను. మా రిజిస్టరులో దానికి గడి లేదు. గొర్రెలకు జరుగుతున్న మర్యాద పిల్లలకు జరగలేదన్నమాట.

"వస్తానవ్వా."

"అయితే సరే," అని అవ్వ దొడ్డి వైపు తిరిగి గొంతెత్తింది. "అందరూ వినండి! సూది పడని బిడ్డ ఈ రాత్రి మన గుడారాల్లో పడుకునేది లేదు. గొర్రెకు ఒక మాట, బిడ్డకు ఒక మాట ఉండదు!"

కంపల్సరీ లేదు అని నేను చెప్పి నోరు మూసే లోపలే కంపల్సరీ వచ్చేసింది. అదీ నా బెదిరింపుకంటే నాలుగింతలు గట్టిగా! ఇన్‌స్పెక్టరు పెన్ను తీయడం కూడా మరిచిపోయి నిలబడిపోయాడు.

తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. తట్టు టీకా పొడి సీసాలో వస్తుంది. నీళ్ల మందు కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. సీసాకు పది మంది. మొదటి సీసా కలిపాను. ప్రతి బిడ్డకూ సూది పడగానే అవ్వ దగ్గరకు లాక్కుని నుదుటి మీద జాజు గుర్తు పెట్టింది. కుంకుమ పెట్టమని నేను అడిగితే వినలేదు. "కుంకుమ చెమటకు పోతాది. ఇది పోదు," అంది. పది మంది అయ్యారు. సీసా ఖాళీ.

పదకొండోది ఆ పాప. తల్లి ముందుకు వచ్చింది, తండ్రి అడ్డం వచ్చాడు. చేతిలో ఫోను.

"దీంట్లో చూడమ్మా, ఒకాయన చెప్తావుండాడు, ఈ సూదికి పెద్దయినాక బిడ్డలు పుట్టరంట."

"ఆయన యాడుంటాడు?" అని అవ్వ అడిగింది.

"తెలీదు."

"బిడ్డకు తట్టొస్తే ఈడికొస్తాడా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఫోను మాట వదిలెయ్యవ్వా. పెద్దోడి కాలు చీము పట్టినప్పుడు నెల దినాలు భుజాన మోసినాను. అప్పుడు ఒక్కరన్నా వచ్చినారా? ఇప్పుడు ఈయమ్మ వస్తానంటాది. రాకుంటే?"

మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు తీసి తడికకు తగిలించాను.

"మంగళవారం కృష్ణగిరిలో మీటింగుండాదప్పా. ఇది లేకుంటే నన్ను లోపలికి కూడా పోనియ్యరు. సోమవారం నేనే వచ్చి తీసుకుంటాను."

అతను కార్డు మీది నా ఫోటోను చూశాడు, నన్ను చూశాడు. పాపను తల్లి చేతుల్లోంచి తానే ఎత్తుకుని నా ముందు కూర్చున్నాడు.

"ఒక్క బిడ్డకు ఇంకో సీసానా అక్కా? తొమ్మిది డోసులు పారేయాల్సి వస్తుంది!" ఇన్‌స్పెక్టరుకు అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"పారేద్దాం," అని రెండో సీసా కలిపాను. ఒక్క బిడ్డ కోసమైనా సీసా తెరవమన్నదే మా రూలు. నా ఉద్యోగంలో నేను అంత ఇష్టంగా పాటించిన రూలు మరొకటి లేదు. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు అంత హాయిగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ రోజు నుంచి వాళ్లు ఆ కొళాయి దగ్గరకు పిల్లలను పోనివ్వలేదు. అప్పటికే తట్టు అంటుకుని ఉంటుందేమోనని రెండు వారాలు నాకు ముద్ద దిగలేదు, ఏ ఫోను మోగినా ఉలిక్కిపడ్డాను. గుడిసెల్లో తట్టు ఇంకా కొన్నాళ్లు తిరిగింది. ఎర్ర గుర్తులున్న పదకొండు మందిలో ఒక్కరి జోలికీ రాలేదు. ఆ ఏడాది చివర వాళ్లందరికీ మిగతా టీకాలు కూడా పడ్డాయి. బుధవారం మజ్జిగ మాత్రం మానలేదు, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మరీ పోసేది అవ్వ.

ఇక చెయ్యెత్తిన అమ్మాయికి నా జవాబు. చట్టం వద్దని నేను అనను, ఇన్‌స్పెక్టరు హెల్మెట్ వాదం తప్పూ కాదు. దొడ్డి ఒక్కటే అయినప్పుడు, నా బిడ్డ నా ఇష్టం అనడానికి ఒక హద్దుంటుంది. అవ్వ ఆ హద్దును నాకంటే బాగా గీసింది. అయితే ఆమె గీస్తే వాళ్లు నిలబడ్డారు, నేను గీస్తే పారిపోయారు. జ్వరమొచ్చిన రాత్రి ఆమె పక్క గుడారంలోనే ఉంటుందని వాళ్లకు తెలుసు. నేను ఎక్కడుంటానో ఎవరికీ తెలియదు. రేపు చట్టం వస్తే రానివ్వండి. వచ్చినా మీరు మూడో రోజు వెళ్లాల్సిందే.

నేను వెళ్లాను. సోమవారం పొద్దున్నే. అవ్వ పిల్లలను దొడ్డిలో నిలబెట్టి, తడిక కొంచెం జరిపి, ఒక్కొక్కరినే సందులోంచి వదిలింది. ఇద్దరికి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, ఒకడి చెయ్యి సూది దగ్గర ఎర్రబడింది. తక్కినవాళ్లు గంతులేస్తున్నారు. పాప తన తండ్రి భుజం మీద కూర్చుని నా జుట్టు పీకింది. అవ్వ ప్రతి నుదుటి మీదా గుర్తును మళ్లీ దిద్దుతూ లెక్క చెప్పింది. పాప దగ్గర "పదకొండు" అంది.

పాప తండ్రి తడికకున్న నా కార్డు తీసి, చొక్కాకు తుడిచి ఇచ్చాడు. "నువ్వు రావనుకున్నానమ్మా," అన్నాడు. అని, నవ్వేశాడు.

"ఇట్లా రా," అని అవ్వ నన్ను పిలిచింది. ఇంకే బిడ్డనైనా చూడాలేమో అనుకుని, వంగి సందులోంచి లోపలికి వెళ్లాను. ముసలి వేలు నా నుదుటి మీద గట్టిగా ఆనింది. ఆముదం వాసన.

"పన్నెండు," అంది అవ్వ.

ఎంత కడిగినా ఆ జాజు వదల్లేదు. మరుసటి రోజు కృష్ణగిరిలో సమావేశానికి మెడలో కార్డుతో, నుదుటి మీద ఆ గుర్తుతోనే వెళ్లాను. పెద్ద డాక్టరు నా ముఖం చూసి, "ఏమమ్మా అది?" అని అడిగారు.

"టీకా వేయించుకున్నాను సార్," అన్నాను.